కలతకు పెట్టిన పేర్లు

నేడు తెలుగునాట ఎవరిని కదలించినను 'టెన్షను' అను మాట వినవచ్చుచున్నది. పరీక్షకు పోవు బాలునకు టెన్షను. కూతురి పెండ్లికి అప్పు పుట్టని తండ్రికి టెన్షను. తల్లిని ఆసుపత్రిలో చేర్చి వాకిట నిలిచిన కుమారునకు టెన్షను. బస్సు పది నిమిషములు ఆలస్యమైన ఉద్యోగికిని అదియే టెన్షను. దీనికి తోడు 'కన్‌ఫ్యూజను', 'డిస్టర్బు', 'అప్‌సెట్టు' అను మూడు మాటలు కలవు. ఈ నాలుగు మాటలతోనే మనవారు మనస్సునకు కలుగు సమస్త వికారములను గట్టెక్కించుచున్నారు.

ఇంగ్లీషు మాట నోట రాగూడదని మేమనము. పరభాషాపదములు రానిదే ఏ భాషయు పెరుగలేదు. మన 'గాబరా' హిందూస్థానీనుండి వచ్చినదే. దానిని నేడెవ్వరును పరాయిదానిగా చూచుట లేదు. మా ఆక్షేపణ వేఱు. ఇంగ్లీషువాని అంగడిలో ఈ సరకు నాలుగు పుంజీలకు మించి కలదు. అందులో నాలుగు దినుసులు మాత్రము తెచ్చుకొని, ఇంటనున్న ధాన్యమును వాకిట పాఱబోసికొనుట ఏపాటి వర్తకమో పాఠకులే యోచింపవలెను. కావున ముందుగా ఆ అంగడిని ఒకమాఱు కలయజూతము.

మాటలోనే మందు

'కన్‌ఫ్యూజ్' అను మాట లాటిను భాషనుండి వచ్చినది. కలిపి పోయుట యని దాని మూలార్థము. రెండు కుండలలోని ద్రవములను ఒక కుండలో పోసినయెడల ఏది యేదియో తెలియదు. కాబట్టి ఒకరి పేరు మఱియొకరికి పెట్టువానికి, నిన్నటి సంగతిని మొన్నటిదిగా చెప్పువానికి ఈ మాట తగును. 'డిస్టర్బ్', 'పెర్టర్బ్' అనునవి వేఱు. ఆ రెంటికిని మూలము 'టుర్బా' అను లాటిను పదము. గుంపు, గందరగోళము అని దాని యర్థము. మడ్డినీటికి ఇంగ్లీషులో చెప్పు 'టర్బిడ్' అను మాటయు దీని తోబుట్టువే. మన 'కలత' పుట్టుకయు సరిగా ఇట్టిదే. చెఱువులో ఎనుములు దిగినపుడు నీరు కలగును. అట్లే మనస్సు కలగును. ఆ కలగుటయే కలత. దూరదేశములందలి రెండు జాతులు మనస్సును నీటితోనే పోల్చుకొనుట గమనింపదగిన విషయము.

'పర్‌ప్లెక్స్' అనగా అల్లికలో చిక్కుకొనుట. దారపుటుండ చిక్కు పడినపుడు ఏ కొన లాగినను ముడి బిగియునే గాని వీడదు. మన 'చిక్కు' దీనికి సరియైన జోడు. 'బివిల్డర్' అనగా ఎవనినైనను త్రోవలేని అడవిలోనికి నడిపించి విడుచుట. 'డిస్ఓరియంట్' అనగా తూర్పు తప్పించుట. 'ఓరియంట్' అనగా సూర్యుడు పొడుచు దిక్కు. క్రైస్తవులు తమ దేవాలయములను తూర్పు ముఖముగా నిలుపు ఆచారము కలవారు గనుక తూర్పు తెలిసినవానికి తక్కిన దిక్కులు తెలిసినట్లే. మన పూర్వులు ఈ అవస్థనే దిగ్భ్రమ యనిరి. 'డిస్కన్సర్ట్' అనగా కూడిన మేళము చెడుట. పాట సాగుచుండగా తాళము తప్పిన గాయకుని ముఖము చూచినవారికి ఈ మాట వివరింప నక్కఱ లేదు. 'అస్టానిష్' అనుదానిలో ఉఱుము దాగియున్నది. ఉఱుము దెబ్బ తిన్నట్లగుట దాని మూలార్థము. 'నాన్‌ప్లస్' అనునది రెండు లాటిను మాటలు. 'ఇక మీద లేదు' అని వాని భావము. చేయవలసినదేదో తోచక నిలిచిపోయినవాడు నాన్‌ప్లస్ అయినవాడు. సంస్కృతము చదివినవారు దీనినే 'కింకర్తవ్యతావిమూఢత' యని బారెడు పొడవుగా చెప్పుదురు. పల్లెటూరి ముసలమ్మ 'ఎటూ తోచడం లేదు నాయనా' యని మూడు మాటలలో ముగించును.

ఈ పేర్లను ఇట్లు వరుసగా పేర్చి చూచినచో ఒక ఉపకారము కనబడును. ప్రతి పేరును తన చికిత్సను తానే చెప్పుచున్నది. కలిసిపోయినదానిని వేఱు చేయవలెను. కలగిన నీటిని కదపక తేఱనీయవలెను. చిక్కు పడినచో కొన వెదకవలెను. అడవిలో త్రోవ తప్పినవానికి బాట తెలిసిన తోడు కావలెను. దిక్కు తప్పినవానికి తూర్పు చూపిన చాలును. తాళము తప్పినవాడు క్షణమాగి మరల ఎత్తుకొనవలెను. పిడుగుదెబ్బ తిన్నవానికి ఉపన్యాసము పనికిరాదు. ఊపిరి పీల్చుకొనుటకు వ్యవధి కావలెను. ఇన్ని అవస్థలకును 'టెన్షను' అని ఒక్క పేరు పెట్టినవాడు, సమస్త రోగములకు ఒక్క గుళికనిచ్చు వైద్యునివంటివాడు. తనకేమి కావలెనో తానే అడుగలేడు. ఇచ్చువానికి ఏమి ఈయవలెనో తెలియదు.

మన యింటి సరకు

సంస్కృతమున ఈ విషయమును విచారించిన పద్ధతి వేఱు. భరతుడు నాట్యశాస్త్రమున ముప్పదిమూడు సంచారిభావములను పేర్కొనెను. వానిలో త్రాసము, మోహము, జడత, ఉన్మాదము, విషాదము, చపలత, శంక, ఆవేగము మొదలైనవి ఈ కోవలోనివే. ఆవేగమునకు మరల ఎనిమిది కారణములు చెప్పబడినవి: ఉత్పాతము, గాలి, వాన, అగ్ని, ఏనుగు కట్టుత్రెంచుకొని తిరుగుట, ప్రియవార్త వినుట, అప్రియవార్త వినుట, ఆపద. ఇందు ప్రియవార్తకును అప్రియవార్తకును సమానముగా చోటిచ్చుట చూడుడు. కుమారుడు గెలిచెనన్న తంతి అందినపుడును, గతించెనన్న తంతి అందినపుడును తల్లి మొదట చేయునది ఒక్కటే. లేచి నిలువబోయి తూలిపడును. నటుడు కారణమునెఱిగి ఒక్కొక్కదానిని ఒక్కొక్కవిధముగా అభినయింపవలెనని శాస్త్రము విధించుచున్నది. ఇంగ్లీషువాని మాట బొమ్మ గీయుచున్నది. సంస్కృతము కారణమును వెదకుచున్నది.

'విభ్రమము' అను నొక మాట కలదు. ప్రియుడు వచ్చుచున్నాడని విని నాయిక తొందరలో ఒకచోట పెట్టవలసిన నగను మఱియొకచోట పెట్టుకొనుటకు ఆలంకారికులు పెట్టిన పేరది. ఇంగ్లీషులో 'ఫ్లస్టర్' అను మాట దీనికి చేరువగా వచ్చును. కాని ఇంగ్లీషు మాటలో కొంత తక్కువచూపు కలదు. మన వారు ఆ తడబాటును స్త్రీకి సహజమైన అలంకారములలో చేర్చి గౌరవించిరి.

ఇక తెలుగు సంగతి. కలత, కలవరము, తత్తరపాటు, తొట్రుపాటు, తడబాటు, తబ్బిబ్బు, తికమక, అదరిపాటు, కంగారు అనునవి యొకదాని కొకటి బదులు రావు. కాలు తొట్రుపడును, మాట తడబడును, లెక్క తికమక పడును, సంతోషముచేత తబ్బిబ్బగుదురు. 'మ్రాన్పడుట' అనగా చెట్టగుట; మ్రానువలె కదలిక లేక నిలుచుట. ఇంగ్లీషువాడు ఇట్టిచోట 'పెట్రిఫై' అనును. అనగా రాయి యగుట. వాడు రాయి యయ్యెను, మనము చెట్టైతిమి. చెట్టు మరల చిగుర్చును గనుక మన మాటయందు కొంత ఆశ కలదని మా యభిప్రాయము. 'కడుపులో దేవినట్లుండుట', 'గుండెలో రాయి పడుట', 'పైప్రాణములు పైననే పోవుట', 'కాలు చేయి ఆడకపోవుట' అనువాని సొంపును ఏ నిఘంటువును పట్టి యియ్యజాలదు.

పరిహాసమున పుట్టిన పదములు

ఇంగ్లీషువాడు తన కలతను చూచి తానే నవ్వుకొను స్వభావము కలవాడు. తీవ్రమైన మాటలు లాటినునుండి తెచ్చుకొని, వేళాకోళపు మాటలను వీథిలో పుట్టించెను. 'బాంబూజిల్' అను మాట అట్టిది. మాయమాటలతో బుద్ధి తిరుగగొట్టుట దాని యర్థము. 1710 లో జొనాథన్ స్విఫ్టు ఒక పత్రికలో వ్రాయుచు భాషను పాడు చేయుచున్న క్రొత్త పదములలో దీనినొకటిగా దూషించెను. స్విఫ్టు గతించెను, బాంబూజిల్ బ్రదికియున్నది. 'ఫ్లాబర్‌గాస్ట్' అనునది 1772 నాటికి నాగరకుల క్రొత్త మాటగా అచ్చులో కనబడినది. 'ఫ్లమాక్స్' డికెన్సు రచించిన పిక్‌విక్ పేపర్సు ద్వారా 1837 నాటికి లోకమునకు తెలిసినది. 'డిస్కంబాబ్యులేట్' అనునది అమెరికాలో 1830 ప్రాంతములందు పండితుల లాటినును వెక్కిరించుటకై కల్పింపబడిన మాట. పలుకుటకు ప్రయత్నించినవాని నోరే దాని యర్థమును ప్రదర్శించును.

ఈ చివరి మాటకు ఇటీవల ఒక తమ్ముడు పుట్టెను. అమెరికాలో మిల్వాకీ నగరపు విమానాశ్రయమున, ప్రయాణికులు తనిఖీకై చెప్పులు, నడికట్టులు, కోటులు విప్పి, తనిఖీ ముగిసిన తరువాత మరల తొడుగుకొను చోట 'రీకంబాబ్యులేషన్ ఏరియా' యని పలక కట్టిరి. చెదరిన మనుష్యుడు మరల కూడుకొను స్థలమని భావము. 2008 వ సంవత్సరపు మాటలలో అత్యంత చమత్కారమైనదిగా అమెరికను డయలెక్టు సొసైటీ దీనిని ఎన్నుకొనెను. ఒక ప్రభుత్వస్థలము ప్రజల యవస్థను గుర్తించి, కూర్చుండుటకు బల్ల వేసి, దానికొక నవ్వు పుట్టించు పేరు కూడ పెట్టుట మెచ్చదగినది. మన కచేరీల వరండాలలో ఇట్టి స్థలము కావలసినవారు వేలకొలది కలరు.

మాటలును తలక్రిందులగు విధము కూడ కలదు. 'అప్‌సెట్' అను మాటకు మొదట నిలువబెట్టుట యని యర్థము. పడవలును బండ్లును బోర్లపడుటకు చెల్లి, తరువాత మనస్సు బోర్లపడుటకు చెల్లెను. 'నాన్‌ప్లస్' అనుదానిని నేడు అమెరికాలో పలువురు చలింపని వాడను విపరీతార్థమున వాడుచున్నారు. మన 'సంభ్రమము' సంస్కృతమున తొందరపాటును, బెదరును చెప్పుచుండగా తెలుగున ఉత్సాహమునకును వేడుకకును చెల్లుచున్నది. కలతను చెప్పు పదములు కూడ నిలుకడ లేనివే యగుట వింతయే.

సాక్షి చెప్పినదేమి? వ్రాసినదేమి?

ఇదంతయు పండితుల వినోదమని పాఠకులు తలంపగూడదు. ఒక న్యాయస్థానమును ఊహింపుడు. తన కన్నుల ఎదుట కత్తిపోటు జరుగగా చూచిన స్త్రీ బోనులో నిలిచి 'నాకు కాలూ చెయ్యీ ఆడలేదు బాబూ' యని చెప్పినది. దానిని ఇంగ్లీషున వ్రాయువాడు 'సాక్షి కన్‌ఫ్యూజ్ అయినది' యని వ్రాసెను. పైకోర్టులో ఆ కాగితమును మాత్రమే చదువువారి కేమి తోచును? కన్‌ఫ్యూజ్ అనగా ఒకటి మఱియొకటిగా కలిసిపోవుట గదా! అట్టి సాక్షి ఒకని ముఖమును మఱియొకనిదిగా పొరబడియుండవచ్చునని ప్రతివాది తరపు న్యాయవాది వాదించును. ఆమె చెప్పినది అది కాదు. ఆమె శరీరము మాత్రమే నిలిచిపోయినది, కన్ను నిలువలేదు, జ్ఞాపకము చెదరలేదు. ఆ ముఖము ఆమెకు మఱింత స్పష్టముగా కనబడియుండును. ఒక్క మాట తేడాచేత సత్యము చెప్పినది అబద్ధపు సాక్షిగా మాఱుటకు అవకాశము కలదు. మనస్సు చెదరి వైద్యునికడకు వచ్చినవాని సంగతియు నిట్టిదే. నిద్ర పట్టనివానికిని, చావవలెనని తోచుచున్నవానికిని 'టెన్షను' అనునదొక్కటే మాట యైనయెడల రెండవవానిని కనిపెట్టుట యెట్లు?

రాజ్యము పెట్టు పేర్లు

మనుష్యుని కలతకు పేరు పెట్టునపుడే ఇంత ప్రమాదమున్నచో, జాతి కలతకు ప్రభుత్వము పేరు పెట్టునపుడు ఎంత యుండదు? బ్రిటిషు ప్రభుత్వమువారు మనకు పెట్టిన పేర్లను స్మరింపుడు. 1910 లో వాలెంటైన్ చిరోల్ 'ఇండియన్ అన్‌రెస్ట్' అను గ్రంథమును ప్రకటించి, ఆ అశాంతికి తిలక్ మహాశయుని జనకునిగా నిరూపింప జూచెను. తిలక్ లండనులో పరువునష్టపు దావా వేసి 1919 లో ఓడిపోయెను. దేశము మాత్రము ఆ నిందనే బిరుదముగా స్వీకరించెను. అంతకు ముందే, 1909 లో, గాంధీ మహాత్ముడు హింద్ స్వరాజ్యమున ఈ అశాంతి యను మాటనే తీసికొని దానికి వేఱొక అర్థము చెప్పెను. నిద్ర లేచువాడు ఒళ్ళు విఱుచుకొని అటునిటు పొరలును గదా. అశాంతి యనునది నిద్రకును మెలకువకును నడుమనుండు అట్టి అవస్థ యని ఆయన భావము. మాట యొక్కటే. ఒకరికది రోగలక్షణము, ఒకరికది ప్రాతఃకాల లక్షణము.

1919 ఏప్రిలు 13 న జలియన్‌వాలా బాగులో కాల్పులు జరిగెను. విచారణకై ఆ సంవత్సరముననే నియమింపబడిన హంటరు సంఘమునకు 'డిసార్డర్సు' విచారణ సంఘమని పేరు పెట్టిరి. ఆ సంఘము డయ్యరును తప్పు పట్టిన మాట సత్యమే. అయినను పేరు చూడుడు: క్రమము తప్పినది తుపాకులు పట్టినవారా, తోటలో కూడినవారా యను ప్రశ్నకు శీర్షికయే ముందుగా ఉత్తరమిచ్చుచున్నది. 1942 ఆగష్టులో నాయకులను చెఱలోనుంచి, 1943 ఫిబ్రవరిలో ప్రభుత్వము ప్రకటించిన పుస్తకమునకు '1942–43 డిస్టర్బెన్సులకు కాంగ్రెసు బాధ్యత' యని పేరు. దానికి గాంధీజీ ఆగాఖాను భవనపు నిర్బంధమునుండియే సవివరమైన ప్రత్యుత్తరము వ్రాసెను. 'డిస్టర్బ్' అనగా తేఱిన నీటిని కలచుట యని పైన చెప్పితిమి. ఈ మాట వాడువాడు అంతకు ముందు నీరు తేటగా నుండెనని మనచేత చెప్పకయే ఒప్పించుచున్నాడు. ఆ తేట యెట్టిది? నోరు మెదపినవాడు చెఱసాలకు పోవుచున్న కాలపు నిశ్శబ్దమది.

దొరలు పోయిరి, మాట పోలేదు. స్వాతంత్ర్యము వచ్చిన మఱుసటి సంవత్సరముననే, 1948 లో, మద్రాసు రాష్ట్రమున 'డిస్టర్బెన్సుల' నణచు చట్టము పుట్టెను. 1958 నాటి సాయుధదళముల ప్రత్యేకాధికారముల చట్టము ఒక ప్రదేశమును 'డిస్టర్బ్‌డ్ ఏరియా' యని ప్రకటించు నధికారమును కల్పించినది. మన పత్రికలు దానిని కల్లోలిత ప్రాంతమని తెనిగించుచున్నవి. 1860 నాటి శిక్షాస్మృతి స్థానమున 2024 జులై 1 న భారతీయ న్యాయసంహిత అమలునకు వచ్చెను గాని, 'ప్రజాప్రశాంతికి విరుద్ధమైన నేరములు' అను అధ్యాయము పాత పేరుతోనే నిలిచియున్నది. శాంతిభద్రతలు ప్రభుత్వధర్మము, అందు వివాదము లేదు. హింసను హింస యనియే పిలువవలెను. మేము కోరునది యొక్కటే: ఒక సీమకు 'కల్లోలిత' మని పేరు పెట్టిన వెంటనే విచారణ ముగిసినట్లు భావింపగూడదు. నీటిని కలచిన దేమియో వెదకుట అప్పుడే ఆరంభము కావలెను.

ఈ విషయమున జ్యోతిశ్శాస్త్రజ్ఞులు మనకు గురువులు కాదగుదురు. 1781 లో విలియం హెర్షెల్ యురేనసు గ్రహమును కనుగొనెను. కొంతకాలమునకు అది గణితమునకు సరిపడు త్రోవను విడిచి నడచుచున్నట్లు తేలెను. ఇట్టి తొలగుటకు వారి శాస్త్రమున 'పెర్టర్బేషన్' అని పేరు, అనగా కలత. వారు గ్రహమును నిందింపలేదు. కనబడని దేదియో దానిని లాగుచున్నదని యూహించి, ఫ్రాన్సున లెవెర్యే, ఇంగ్లాండున ఆడమ్సు వేర్వేఱుగా లెక్కలు కట్టిరి. లెవెర్యే చూపిన తావున 1846 సెప్టెంబరు 23 న బెర్లినులో గాలె దూరదర్శిని నెత్తి చూడగా నెప్ట్యూను గ్రహము కనబడెను. ఒక గ్రహపు తడబాటు మఱియొక గ్రహమునకు సాక్ష్యమయ్యెను.

మనస్సు తడబడినను, ఊరు తడబడినను, సీమ తడబడినను అట్లే చూడవలెను. లాగుచున్నదేదో కలదు, అది అప్పు కావచ్చును, ఆకలి కావచ్చును, అవమానము కావచ్చును, పోయిన భూమి కావచ్చును. దానిని కనిపెట్టుటకు మొదటి సాధనము సరియైన పేరు. కాబట్టి మా పాఠకులకు మా మనవి. పిల్లవాడు పాఠశాలనుండి వచ్చి 'టెన్షనుగా ఉంది' అన్నపుడు, 'భయమా నాయనా? సిగ్గా? లెక్క తికమకగా ఉన్నదా? ఎవరైన ఏమైన అన్నారా?' యని అడుగుడు. నాలుగు మాటలు వాని ముందుంచినయెడల వానిలో నొకదానిని వాడు ఎన్నుకొనును. అక్కడినుండి దారి కనబడును.